యాభై గంటలు దేనికి పెట్టాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మధురవాడ దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. దీక్ష యాప్‌లో నిష్ఠ మాడ్యూల్స్ (టీచర్లకు ప్రభుత్వం ఇచ్చే ఆన్‌లైన్ శిక్షణ) పూర్తిచేశాను. సర్టిఫికెట్లు ఫైల్లో ఉన్నాయి గానీ చరిత్ర పాఠం మాత్రం పాత పద్ధతిలోనే చెబుతున్నాను. పిల్లలు తేదీలు బట్టీ పడుతున్నారు. ఈ వేసవి సెలవుల్లో డబ్బు కట్టి ఏదైనా ఆన్‌లైన్ కోర్సు చేద్దామని ఉంది. ఎలాంటిది చేరమంటారు?
– ఒక టీచరమ్మ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి. తొందరపడి కట్టకండి. కేంద్ర ప్రభుత్వం వారి ఆన్‌లైన్ కోర్సుల సైటు 'స్వయం' పోర్టల్లో చరిత్ర కోర్సులు ఉచితంగానే చదువుకోవచ్చు. సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. సబ్జెక్టు గట్టిపడడానికి అది చాలు.

మీ ఇబ్బంది సబ్జెక్టుతో కాదనిపిస్తోంది. ఆ నలభై ఐదు నిమిషాల్లో పిల్లల చేత ఏం చేయించాలన్నదే మీ టెన్షన్. అందుకే ఏ కోర్సయినా చేరేముందు అసైన్‌మెంట్లు చూడండి. వీడియో, క్విజ్, మళ్లీ వీడియో, మళ్లీ క్విజ్, అంతే ఉంటే వదిలేయండి. ఒక శాసనమో పాత ఉత్తరమో చేతికిచ్చి, దాంతో పాఠం తయారుచేసి, మీ క్లాసులో చెప్పి, ఏం జరిగిందో రాయమంటే చేరండి. రాసింది చదివి తప్పొప్పులు చెప్పే మనిషి ఉన్నారో లేదో కూడా కనుక్కోండి. ఉంటే డబ్బు కట్టినా దండగ కాదు. 2020 జాతీయ విద్యా విధానం టీచరు ఏడాదికి కనీసం 50 గంటలు ఇలాంటి శిక్షణకు పెట్టాలంటోంది. ఆ గంటలు మీ క్లాసుకు అక్కరకు రావాలి కదా.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్ బృందం తయారుచేసిన 'రీడింగ్ లైక్ ఎ హిస్టోరియన్' పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఎక్కువగా అమెరికా, ప్రపంచ చరిత్రే. మనం తీసుకోవలసింది పద్ధతి. ఇది ఎవరు రాశారు, ఎందుకు? అప్పుడు చుట్టూ ఏం జరుగుతోంది? ఇంకొకరు ఏమన్నారు? ఏ మాటలు వాడారు? అంతే.

మన ఊరితోనే చేసి చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అదేరోజు కాకినాడ మీద కూడా. మా అమ్మకప్పుడు తొమ్మిదేళ్లు. వన్‌టౌన్‌లో ఇల్లు. పొయ్యి మీద ఎసరు అలాగే వదిలేసి, చెల్లెల్ని చంకనేసుకుని, ఎడ్లబండెక్కి చుట్టాల ఊరికి పోయామని చెప్పేది. ఊరంతా ఖాళీ అయిపోయిందనేది. నేను సర్వీసులో ఉండగా ఈ మాటలు ఒక కాగితం మీద, ఆనాటి పత్రికా వార్త ఇంకో కాగితం మీద రాసి తొమ్మిదో తరగతికి ఇచ్చాను. "ఊరంతా అంటే నిజంగా ఊరంతానా సార్? మరి పోర్టులో పనిచేసేవాళ్లు?" అని వెనక బెంచీ అబ్బాయి అడిగాడు. ఏడాదంతా నోరు విప్పని పిల్లాడమ్మా వాడు. ఆ ప్రశ్నతోనే పీరియడ్ అయిపోయింది, ఎవరూ బెల్లు పట్టించుకోలేదు.

జూన్‌లో బడి తెరవగానే ఇలాంటి పాఠం ఒకటి చెప్పండి. పిల్లలు అడిగిన ప్రశ్నలు రాసి నాకు పంపండి. ఏ కోర్సు మీకు సరిపోతుందో అవి చూశాక ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం.