అమ్మమ్మకు ఇంగ్లండు నుంచి ఉత్తరం

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. చదువు కోసం ఇంగ్లండులోని లీడ్స్ వచ్చాను. సెలవుల్లో లండన్, ఆ తర్వాత ఎడిన్‌బరో చూడాలని ప్లాన్. ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెడతాను కానీ మా అమ్మమ్మకు ఫోన్ చూడటం రాదు, చెవులూ సరిగ్గా వినపడవు. వీడియో కాల్‌లో "తిన్నావా" అని అడిగి ఫోన్ అమ్మకు ఇచ్చేస్తుంది. ఉత్తరం రాద్దామని కూర్చుంటే "నేను ఇక్కడ క్షేమం" దగ్గరే ఆగిపోతున్నాను. నేను చూసినవి ఆవిడకు అర్థమయ్యేలా ఎలా రాయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మాయీ, అర్థమవుతుందో లేదో అన్న టెన్షన్ ముందు వదిలెయ్. అమ్మమ్మ పక్కన కూర్చుంటే ఏమేం అడుగుతుందో ఊహించుకో. వాటికి జవాబులు రాస్తూ పో.

మా అన్నయ్య దుబాయ్ వెళ్లిన కొత్తలో అక్కడి పెద్ద పెద్ద భవనాల గురించి రాస్తే మా అమ్మ ఒకసారి చదివించుకుని ఊరుకునేది. గదిలో నలుగురూ వంతులేసుకుని వండుకుంటున్నామనీ, తన వంతు రోజు పప్పు అడుగంటిందనీ రాసిన ఉత్తరం మాత్రం వచ్చినవాళ్లందరి చేతా చదివించింది.

లండన్‌లో నువ్వు ముందు వెళ్లాల్సింది బ్రిటిష్ మ్యూజియానికి. మామూలుగా చూడటానికి టికెట్ ఉండదు. అందులో 33ఏ నంబరు గదిలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. ఆ గదిని అప్పుడప్పుడూ మూస్తుంటారు, తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్లు. గుంటూరు మనిషి కాబట్టి మీ అమ్మమ్మ అమరలింగేశ్వరస్వామి దర్శనానికి వెళ్లే ఉంటుంది. ఆ గుడికి కాస్త దూరంలోనే ఆ స్తూపం ఉన్న చోటు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిని కట్టించే రోజుల్లో, అప్పటికే దిబ్బగా మారిన ఆ స్తూపం రాళ్లు కట్టుబడికి వెళ్లాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత ఆ శిల్పాల బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే మరో కంపెనీ అధికారి తవ్వించాడు. అప్పుడు బయటపడ్డవి మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో ఓడలో లండన్ వెళ్లాయి. మద్రాసులో మిగిలినవి ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. ఇదంతా ఆవిడకు రాయి. తన ఊరి పక్క రాళ్ల కథ ఆవిడకు తెలియాలి.

అక్కడ రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది. దాని ముందు కాసేపు నిలబడు. ఒకవైపు బోధివృక్షానికి మొక్కుతున్న మనుషులుంటారు. బుద్ధుడి రూపం ఉండదు, చెట్టు కింద ఖాళీ ఆసనమే. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఆ రాయినే తిప్పి, రెండో వైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు. స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు తెలిసింది ఇలాంటి పలకల వల్లే. శిల్పాల్లో ఆడవాళ్ల చేతులకు ఎన్ని గాజులున్నాయో, కడియాలెలా ఉన్నాయో, జుట్టు ఎలా ముడిచారో దగ్గరగా చూసి రాసుకో. అమ్మమ్మ అడిగేవి అవే. ఆ రాళ్లు అంత దూరాన ఉండటం నాకైతే బాధగానే ఉంటుంది, అవి కృష్ణ ఒడ్డుకు తిరిగి రావాలనే నా కోరిక. చూశాక నీకేమనిపించిందో అదీ దాచుకోకుండా రాయి.

లండన్‌లో థేమ్స్ నది మీదున్న టవర్ బ్రిడ్జి గురించి రాసేటప్పుడు ప్రకాశం బ్యారేజీని తలుచుకో. మన బ్యారేజీ 1957 నాటిది, పొడవు కిలోమీటరు పైనే. 1894లో తెరిచిన ఆ వంతెన పొడవు అందులో ఐదో వంతు ఉంటుంది. కానీ ఓడ వస్తే నడిమధ్య రోడ్డు రెండు రెక్కలుగా పైకి లేస్తుంది. "మరి దాని మీద ఉన్నవాళ్లు?" అని అమ్మమ్మ అడుగుతుంది కదా. ముందే గేట్లు వేసి అందరినీ ఆపుతారని రాయి. 1952 డిసెంబరులో మాత్రం ఒక డబుల్ డెక్కర్ బస్సు మీద ఉండగానే వంతెన లేవడం మొదలైంది. డ్రైవరు బ్రేకు వేయకుండా స్పీడు పెంచి అవతలి రెక్క మీదికి దూకించాడు. ప్రయాణికుల ప్రాణాలు దక్కాయి. ఇది రాశావంటే ఆ పేజీ వీధంతా తిరుగుతుంది.

ఎడిన్‌బరోలో కోట ఎలాగూ చూస్తావు. ఆదివారాలు తప్పితే మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ ఫిరంగి పేలుస్తారు, ఆ వేళకు చేరుకో.

పొద్దు సంగతి తప్పకుండా రాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా మీ లీడ్స్‌లో వెలుతురుంటుంది, డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. సంధ్యాదీపం ఎప్పుడు పెడుతున్నావని అడగని అమ్మమ్మ ఉండదు. చలికి ఏం వేసుకుంటున్నావో, పచ్చడి ఎంత మిగిలిందో కూడా చెప్పు.

ఒక ఉత్తరంలో ఒక ఊరు చాలు. అక్షరాలు పెద్దవిగా, కాగితానికి ఒకవైపే రాయి. వెనక సిరా కనపడితే పెద్దవాళ్ల కళ్లకు కష్టం. లోపలంతా తెలుగే ఉండనీ. కవరు మీద అడ్రసు మాత్రం ఇంగ్లీషులో, పిన్‌కోడ్‌తో సహా రాసి, కింద ఇండియా అని పెద్దక్షరాల్లో పెట్టు. ఆ బస్సు కథ ఫోన్‌లో ముందే చెప్పెయ్యొద్దని మీ అమ్మకు చెప్పడం మరిచిపోకు.