టెక్ సందేహాలు: కారులో కొత్త స్క్రీన్ సరే, వెనక వైర్ల సంగతేంటి?

ఈ వారం కారు స్టీరియోల గురించే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సందేహాలు వచ్చే వారానికి ఉంచి, వీటికే జవాబులిస్తున్నాను.

నాది 2015 మోడల్ స్విఫ్ట్. కంపెనీ స్టీరియో బాగానే ఉంది కానీ మ్యాప్ చూడటానికి ఫోన్ తగిలించుకోవాల్సి వస్తోంది. ఆటోనగర్‌లో ఒక షాపువాళ్లు 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెడతామన్నారు. పాత వైర్లు కత్తిరించి కలపాలట. పర్వాలేదా? స్టీరింగ్ మీది బటన్లు పనిచేస్తాయా? (విజయవాడ)

కత్తిరించనివ్వకండి. మీ కారుకు సరిపోయే కప్లర్ బజారులో దొరుకుతుంది. ఒక కొస కారు వైరింగ్‌లోకి, రెండో కొస కొత్త సెట్‌లోకి దిగుతుంది. టేపు చుట్టే పనే ఉండదు. రేపు కారు అమ్మాల్సి వస్తే పాత స్టీరియోను మళ్లీ పది నిమిషాల్లో పెట్టేసుకోవచ్చు. కప్లర్ ఖరీదు స్క్రీన్ ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రాదు. అయినా షాపువాళ్లు కత్తెర పట్టుకుంటున్నారంటే ఆ కప్లర్ వాళ్ల దగ్గర లేదని అర్థం. ఇంకో షాపు చూసుకోండి.

సైజు సంగతి. మామూలు డబుల్ డిన్ (కార్ స్టీరియోల ప్రామాణిక సైజుల్లో ఒకటి) సెట్ ముందుభాగం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మీ స్విఫ్ట్‌లో కంపెనీ స్టీరియో ఆ కొలతలో ఉండదు, డ్యాష్‌బోర్డు ఆకారంలోనే కలిసిపోయి ఉంటుంది. కాబట్టి మీ మోడల్‌కే చేసిన ఫ్రేమ్ కావాలి. 'ఏ కారుకైనా సరిపోతుంది' అనే ఫ్రేమ్ తీసుకుంటే గతుకుల రోడ్డు మీద కిర్రుకిర్రుమంటూనే ఉంటుంది, ఎండాకాలం దాటేసరికి అంచులు వంకర తిరుగుతాయి.

స్టీరింగ్ బటన్ల గురించి దిగులు అక్కర్లేదు. మీ తరం కార్లలో చాలావరకు ఒక్కో బటన్‌కు ఒక్కో రెసిస్టెన్స్ ఉంటుంది. కొత్త సెట్ వెనక 'కీ1', 'కీ2' అనే వైర్లుంటాయి. వాటిని కలిపాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏ బటన్ ఏ పని చేయాలో నేర్పించాలి. ఈ పని షాపులోనే, మీ ఎదురుగా చేయించండి. ఇంటికొచ్చాక చూసుకుందాం అనుకుంటే మళ్లీ డ్యాష్‌బోర్డు విప్పాల్సి రావచ్చు.

ఇంకొక్కటి. కొత్త సెట్ నుంచి వచ్చే నీలం వైరు ఎక్కడికి వెళ్తోందో అడగండి. చాలా కార్లలో యాంటెనాకు చిన్న బూస్టర్ ఉంటుంది, దానికి 12 వోల్టులు అందాలి. ఆ వైరు గాలికి వదిలేస్తే ఎఫ్ఎం స్టేషన్లు గుసగుసలాడతాయి. 'కొత్త సెట్ పెట్టాక ఎఫ్ఎం రావట్లేదు' అంటూ వచ్చే ఫిర్యాదుల్లో సగానికి మందు ఇదే.

ఇక అసలు విషయం: మీకు ఆండ్రాయిడ్ సెట్ కావాలా, ఆండ్రాయిడ్ ఆటో ఉన్న సెట్ కావాలా? పేర్లు ఒకేలా ఉన్నా రెండూ వేరు. మొదటిది కారులో అమర్చిన ఒక ట్యాబ్లెట్. దానికి దాని ప్రాసెసర్, దాని యాప్‌లు, దాని ముసలితనం. మూడేళ్లకు యాప్‌లు బరువెక్కి మ్యాప్ తెరవడానికే ఆయాసపడుతుంది. రెండోది కేవలం తెర. పనంతా మీ ఫోనే చేస్తుంది, ఫోన్ మార్చినప్పుడల్లా అదీ కొత్తదవుతుంది. మీకు కావాల్సింది మ్యాప్, పాటలు, కాల్సే కాబట్టి నా ఓటు రెండోదానికే. పేరున్న కంపెనీల 7 అంగుళాల సెట్ తీసుకోండి. చూడటానికి 9 అంగుళాల తెర అంత ఠీవిగా ఉండదు, నిజమే. కేబుల్ లేకుండా వాడాలంటే ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 లేదా అంతకన్నా కొత్త వెర్షన్, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉండాలి.

పెద్ద తెరే కావాలని ఇంట్లో పిల్లలు పట్టుబడితే, '8 జీబీ ర్యామ్' అని పెట్టె మీద రాసింది నమ్మకండి. చవక సెట్లలో సెట్టింగ్స్ పేజీ కూడా అబద్ధం చెప్పగలదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో 'అబౌట్' తెరిచి, ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ (గూగుల్ పరీక్షలో నెగ్గిన సెట్ అనే గుర్తు) ఉందో లేదో చూడండి. ఆ తర్వాత మ్యాప్ నడుస్తుండగా పాట పెట్టి, అప్పుడే మీ నంబరుకు కాల్ చేయించండి. ఆ మూడింటికే తడబడితే ఎన్ని జీబీలు రాసున్నా వద్దు.

2017 పోలోలో ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించాను. అప్పట్నుంచి మూడ్రోజులు కారు తీయకపోతే స్టార్ట్ కావట్లేదు. బ్యాటరీ మార్చమంటున్నారు. మార్చాలా? (కరీంనగర్)

ఆగండి. కొత్త బ్యాటరీ వేసినా అదీ ఇలాగే ఖాళీ అవుతుంది.

ప్రతి సెట్‌కూ రెండు పవర్ వైర్లుంటాయి. పసుపు వైరుకు ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి, సెట్టింగ్స్ గుర్తుంచుకోవడానికి. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడే కరెంటు వస్తుంది, అదే సెట్‌ను లేపేది, పడుకోబెట్టేది. ఇప్పుడు మీ పోలోతో వచ్చిన చిక్కు: కంపెనీ స్టీరియోకు ఆ ఎరుపు వైరు రాదు. తాళం తిప్పారన్న కబురు దానికి కాన్‌బస్ ద్వారా, అంటే కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల జత మీదుగా అందుతుంది. ఫిట్టింగ్ చేసే అబ్బాయి ఎరుపు వైరు వెతికి, దొరక్క, దాన్ని పసుపుతో కలిపేసి ఉంటాడు. స్క్రీన్ వెలుగుతుంది, పాట వస్తుంది, అందరూ సంతోషం. కానీ సెట్ రాత్రంతా మేలుకునే ఉంటుంది.

లెక్క చూడండి. నిలిపిన కారు మామూలుగా లాగేది 50 మిల్లీయాంపులలోపే. సెట్ నిద్రపోకుండా 300 మిల్లీయాంపులు లాగితే రోజుకు 7.2 యాంపియర్ అవర్స్, మూడ్రోజులకు 21 పైనే. చిన్న కార్ల బ్యాటరీలు చాలావరకు 35 నుంచి 45 మధ్య ఉంటాయి. సగం పోయాక సెల్ఫ్ ఎత్తడం కష్టమే.

నిర్ధారించుకోవడం సులువు. కారు తాళం వేసి అరగంట వదిలేయాలి, లోపలి కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారుకోవాలి కాబట్టి. తర్వాత ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌ను బ్యాటరీ నెగటివ్ వైపు సిరీస్‌లో పెట్టి కరెంటు చూస్తాడు. స్టీరియో ఫ్యూజు లాగగానే అంకె దభాలున పడిపోతే దొంగ దొరికినట్టే. మందు: పోలోకు సరిపోయే కాన్‌బస్ బాక్స్. కాన్‌బస్ కబురు విని ఎరుపు వైరుకు కరెంటు ఇచ్చేది అదే. మీ సెట్‌తో పాటు పెట్టెలో వచ్చి, షాపులో 'ఇది అక్కర్లేదులే' అని పక్కన పడేసి ఉండొచ్చు కూడా, ఒకసారి అడగండి. ఈలోపు కారు వాడని రోజుల్లో ఆ ఫ్యూజు తీసి పెట్టుకోండి. మళ్లీ పెట్టేటప్పుడు అదే యాంపుల ఫ్యూజు పెట్టాలి. పదేపదే పోతోందని పెద్దది వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

కొత్త స్టీరియో పెట్టె మీద 50 వాట్స్ x 4 అని ఉంది. అయినా శబ్దం పాతదానిలాగే పలచగా ఉంది. నన్ను మోసం చేశారా? (హైదరాబాద్)

పూర్తిగా మోసమని అనలేను, పరిశ్రమ మొత్తం అలాగే రాస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. సెట్ లోపలి చిన్న యాంప్లిఫయర్ దాన్ని పెంచలేదు. ఆ వోల్టేజీతో 4 ఓమ్స్ స్పీకర్‌కు నిలకడగా ఇవ్వగలిగింది కాగితం మీద లెక్కేసినా ఒక్కోదానికి 26 వాట్లు, చేతికొచ్చేది 20 అటూఇటూ. మీ పాత స్టీరియో కూడా దాదాపు అంతే ఇచ్చేది. పైగా వాట్లు రెట్టింపైనా పెరిగే శబ్దం 3 డెసిబెల్సే, చెవికి అది కొంచెమే.

పలచదనానికి కారణం తలుపుల్లోని కాగితం స్పీకర్లు. నన్నడిగితే స్టీరియోకన్నా ముందు అవే మార్చాలి. ముందు తలుపులకు మంచి జత చాలు, సెన్సిటివిటీ (అంటే ఇచ్చిన కరెంటుకు ఎంత శబ్దం చేస్తుందన్నది) 90 డెసిబెల్స్ పైన ఉన్నవి చూసుకోండి. తలుపు రేకుకు లోపల అదురు ఆపే డ్యాంపింగ్ షీట్ అతికిస్తే మృదంగం మృదంగంలా వినిపిస్తుంది. వెనక స్పీకర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాట వినేది ఎక్కువగా ముందు కూర్చున్నవాళ్లే.

2023లో కొన్న ఎస్‌యూవీ. కంపెనీ స్క్రీన్‌లో కార్‌ప్లే (ఐఫోన్‌కు ఆండ్రాయిడ్ ఆటో లాంటిది) ఉంది కానీ కేబుల్ కావాలి. బయటి సెట్ మార్చుకోవచ్చా? (గుంటూరు)

వద్దు. ఇప్పటి కార్లలో ఏసీ సెట్టింగ్స్, రివర్స్ కెమెరా, సెన్సర్ల బొమ్మ అన్నీ ఆ తెరలోనే ఉంటాయి. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు తప్పనిసరి. తెర తీసేస్తే చాలా మోడళ్లలో వాటి హెచ్చరికా పోవచ్చు. వారంటీ తకరారు దానికి అదనం. మీకు కావాల్సింది వైర్‌లెస్ కార్‌ప్లే డాంగిల్ మాత్రమే. యూఎస్‌బీలో గుచ్చడంతో పని అయిపోతుంది.

బయటి సెట్ ఇప్పటికే పెట్టించినవాళ్లకు ఒక మాట: కంపెనీతో వచ్చిన స్టీరియోకు ఉన్న బీమా దీనికి దానంతటదే రాదు. బిల్లు చూపించి ఎలక్ట్రికల్ యాక్సెసరీగా పాలసీలో రాయించుకోవాలి.

మా అన్నయ్య డల్లాస్ నుంచి వస్తూ కార్ స్టీరియో తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా? (వరంగల్)

కరెంటుతో ఇబ్బంది లేదు, అక్కడా 12 వోల్టులే. ఇబ్బంది రేడియోతో. అమెరికా సెట్‌లో ఎఫ్ఎం 0.2 మెగాహెర్ట్జ్ చొప్పున, బేసి అంకెల మీదుగా గెంతుతుంది. 98.3 దొరుకుతుంది. హైదరాబాద్ వివిధ భారతి 102.8 మాత్రం దొరకదు, 102.7కో 102.9కో వెళ్లి ఆగుతుంది. మీడియం వేవ్‌లో అక్కడ 10 కిలోహెర్ట్జ్ అడుగులు, ఇక్కడ 9. ఆకాశవాణి హైదరాబాద్ 738 మీద సెట్ నిలవదు. కొన్ని మోడళ్లలో ట్యూనర్ 'ఏరియా' మార్చే వీలుంటుంది. ఆ మోడల్ మాన్యువల్ నెట్‌లో చూసి, ఆ సెట్టింగ్ ఉంటేనే తెమ్మనండి. చాలా కంపెనీల వారంటీ ఇక్కడ చెల్లదు కాబట్టి ధరలో తేడా పెద్దగా లేకపోతే అన్నయ్యను బరువు మోయించడం దండగ.