మిరపకాయ మంట నొప్పికి మందెలా అవుతుంది? క్యాన్సర్‌కూ పనిచేస్తుందా?

మా ప్రకాశం జిల్లాలో మిర్చి కోతకెళ్లిన వాళ్ల చేతులు రాత్రి దాకా భగభగ మండుతూనే ఉంటాయి. నీళ్లతో ఎంత కడిగినా పోదు. అందుకు కారణం మిరపలో ఉండే క్యాప్సైసిన్ అనే పదార్థం, అది నూనెలోనే బాగా కరుగుతుంది. ముందు కొబ్బరినూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి.

క్యాప్సైసిన్ నరాల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని (వేడిని, మంటను పసిగట్టే ద్వారం లాంటిది) తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునేదీ అదే. అందుకే చర్మం కాలుతోందని మెదడు అనుకుంటుంది. 1997లో ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన బృందాన్ని నడిపిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ గాఢంగా, ఎక్కువసేపు తగిలితే ఆ నరాల చివర్లు మొద్దుబారి, కొన్ని వారాలపాటు నొప్పి కబురు పంపవు. హెర్పిస్ జోస్టర్ (సర్పి) తగ్గాక మిగిలే నరాల నొప్పికి డాక్టర్ పర్యవేక్షణలో 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న ప్యాచ్ (చర్మానికి అంటించే పట్టీ) వేసేది ఇందుకే.

క్యాన్సర్ సంగతంటారా, ల్యాబ్‌లో క్యాప్సైసిన్ కొన్ని క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే. మనుషుల్లో మందుగా రుజువు కాలేదు. దీన్ని నమ్ముకుని కీమో మాత్రం మానకండి.