ముందు ఒక జిరాక్స్ మిషన్ పెట్టించు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. యూనివర్సిటీలో పిల్లల కోసం సహాయ కేంద్రం పెడుతున్నారట, దాన్ని నువ్వే చూసుకుంటావట. ఒకటే మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. మా ఇంటికి వస్తే చెప్పులు ఒకటి గడప లోపల, ఒకటి గడప బయట విడిచే పిల్లగాడివి నువ్వు! కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. వానలకు పత్తి పోయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక, పిల్లలు అసలే టెన్షన్‌లో ఉన్న ఏడాది ఇది.

మామూలు పనులు నీకు తెలిసినవే. స్కాలర్‌షిప్ ఫారాలు దగ్గరుండి నింపించు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలను కలుపుకో, వాళ్ళు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి, అదంతా మొక్కలు నాటడానికే పోనివ్వకు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది కదా, దాన్ని నోటీసు బోర్డు మీద పెట్టి ఊరుకోకు. హాస్టల్ బాత్‌రూమ్ తలుపులకు లోపలి వైపు అంటించు. పక్కన ఎవరూ లేనప్పుడే ఆ నంబరు చూస్తారు.

ఇక నన్ను నిద్ర పోనివ్వని సంగతి. 1998లో నేను డిగ్రీ కాలేజీలో పనిచేస్తూ ఎన్‌ఎస్‌ఎస్ చూసేదాన్ని. ఆ సీజన్‌లో లద్దె పురుగు పడి మన వరంగల్ జిల్లాలో పత్తి నాశనమైంది. మందు కొట్టీ కొట్టీ అప్పులైన రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు. మెస్ బిల్లు కట్టలేని పిల్లలు ఒక పూట తినడమే మానేశారు. మా స్టాఫ్ అంతా తలా కొంత వేసుకున్నాం. పైసా తేడా రాకూడదని నేనే జాబితా రాశాను. పేరు, ఊరు, తండ్రికి ఎంత అప్పుందో అన్నీ గుండ్రటి అక్షరాలతో. దాతలు చూసుకుంటారని బోర్డు మీద పెట్టాను. నా నిజాయితీకి నేనే మురిసిపోయాను.

మర్నాడు అందులో ఒక వరుస లేదు. ఎవరో బ్లేడుతో నీటుగా కోసేశారు. ఆ సందులోంచి బోర్డు ఆకుపచ్చ గుడ్డ కనిపిస్తోంది. ఎవడో అల్లరి చేశాడనుకుని, జాబితా మళ్ళీ రాసి పెట్టాను. అదీ నా తెలివి.

మూడో రోజు ఆ వరుసలోని పిల్లగాడు క్లాసుకు రాలేదు. రూమ్‌కు వెళ్తే, కడిగిన కంచం కిటికీలో బోర్లించి ఉంది. పెట్టె లేదు. బస్సెక్కి పరకాల దాటి వాళ్ళ ఊరు పోయాను. పక్కింటి వాళ్ళ వెంట మహారాష్ట్రలోని భీవండికి మగ్గాల మీద పనికి పోయాడట. వాళ్ళమ్మ పీట వేసి, చాయ్ పోసి, మెల్లగా అన్నది: "మేడం, మా అప్పు సంగతి ఊళ్ళె గూడ ఎవ్వలకు తెల్వది." తిట్టినా బాగుండేది. ఆ చాయ్ ఎట్లా తాగానో నాకే తెలియదు. వాడు మళ్ళీ కాలేజీకి రాలేదు.

నువ్వేమో వాట్సాప్ గ్రూపులో పేర్లు పెడతావట, దాతలతో ఫోటోలు దిగుతారట! మతి ఉందా నీకు? ఆరోజు బోర్డు ముందు నిలబడ్డవాళ్ళే చూశారు. ఫోన్లో పెడితే వాళ్ళ ఊరంతా చూస్తుంది, రేపు పిల్లనిచ్చేవాళ్ళు కూడా చూస్తారు.

కోప్పడుతున్నానని అనుకోకు. ఒక పని చెయ్యి. మీ గదిలో జిరాక్స్ మిషన్ పెట్టించు, పిల్లలకు ఫ్రీ అని రాయి. అప్పుడు ఆ గదిలోకి ఎవరు పోయినా ఎందుకు పోయారని ఎవరూ అడగరు. ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చిన పిల్ల కాగితాలు తీసుకున్నాక కూడా కదలకుండా నిలబడితే, మిషన్ ఆపేసి కూర్చోమను. తొందరపెట్టి అడగకు. డబ్బు ఇవ్వాల్సి వస్తే నేరుగా మెస్ ఖాతాలో వెయ్యి, పేరు నీ నోట్‌బుక్ దాటి పోవద్దు.

నువ్వు కూడా వేళకు తిను. వాళ్ళ బాధలన్నీ విని నిద్ర పట్టకపోతే నాకు ఫోన్ చెయ్యి. రాత్రి రెండింటికైనా సరే, మోకాళ్ళ నొప్పులతో ఎట్లాగూ మేలుకునే ఉంటా. ఆదివారం హన్మకొండ నుంచి ఇటు రా, సర్వపిండి చేస్తా.

జిరాక్స్ మిషన్‌కు డబ్బులు నా పెన్షన్‌లోంచి ఇస్తా, సెకండ్ హ్యాండ్‌ది చూడు. దాని మీద నా పేరు రాయించావో, వీపు పగులుతుంది.

మీ పెద్దమ్మ