పుల్పిట్ మీద తేల్చుకోకూడని లెక్కలు

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. నీ ఉత్తరం అందింది. క్షమాపణ గురించి ప్రసంగం చేస్తే, అది తమనే ఉద్దేశించి చెప్పావని ఒక కుటుంబం ఆరాధనకు రావడం మానేసిందని రాశావు. "వాక్యంలో ఉన్నదే చెప్పాను, నా తప్పేముంది?" అని అడిగావు. దానికి జవాబు నీ దగ్గరే ఉంది. ఆ వారం వాక్యభాగం వెతుకుతున్నప్పుడు నీ మనసులో సంఘం ఉందా, ఆ ఇంటాయన ముఖం ఉందా? ఆయన ముఖమే ఉంటే, ప్రసంగం ఎంత బాగా కుదిరినా అది మైకులో చెప్పిన చాడీయే.

ఒక మనిషికి చెప్పాల్సింది ఆ మనిషికే చెప్పాలి. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు పెట్టిన క్రమం నీకు తెలియనిది కాదు: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ వినకపోతే సంఘానికి. మనవాళ్లు చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ముందే సంఘమంతా వినేలా అనేసి, తర్వాత ఆ ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక ఊరుకుంటారు. నాతాను ప్రవక్త, తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికే వెళ్లాడు. గొర్రెపిల్ల కథ చెప్పి, రాజుకు కోపం వచ్చేదాకా ఆగి, "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఎదురుగా నిలబడి ఆ మాట అనాలంటే గుండె కావాలి. పుల్పిట్ వెనక నుంచి పేరెత్తకుండా అనడానికి ఏమీ అక్కర్లేదు, అక్కడ తిరిగి మాట్లాడేవాడెవడూ ఉండడు కదా.

ఈ చిక్కు నుంచి బయటపడటానికి నాకు తెలిసిన మంచి దారి ఒకటుంది. వారం వారం వాక్యభాగం ఏరుకోవడం మానెయ్. బైబిల్లోంచి ఒక సువార్తనో, ఒక పత్రికనో, అంటే ఉత్తరాన్నో, తీసుకుని మొదటి అధ్యాయం నుంచి వరుసగా చెప్పుకుంటూ వెళ్లు. యాకోబు పత్రిక మొదలుపెట్టావనుకో, మూడో అధ్యాయంలో నాలుక సంగతి వచ్చి తీరుతుంది. ఎవరికి తగిలినా "ఇది నాకోసం వెతికి తెచ్చాడు" అనలేరు. పైగా నువ్వు తప్పించుకు తిరిగే మాటలు కూడా వరుసలో వచ్చి నీ ముందు నిలబడతాయి. అది నీకూ మంచిదే.

తయారీ గురించి అడిగావు. శుక్రవారం రాత్రికల్లా నీ ప్రసంగం ఏమిటో నీ భార్యకి, మా చెల్లెమ్మకి, ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే నీకే ఇంకా అర్థం కాలేదన్నమాట. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా, అతని తోటివాళ్లు ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివి, జనానికి అర్థమయ్యేలా చెప్పారు. మన పని కూడా అంతే. యూట్యూబ్‌లో వేరేవాళ్ల ప్రసంగం విని ఆదివారం అప్పజెప్పేవాళ్లను చూస్తున్నాను, విశ్వాసుల ఫోన్లలోనూ అదే యూట్యూబ్ ఉందన్న సంగతి మర్చిపోతున్నారు. మైకు సౌండ్ పెంచితే పరిశుద్ధాత్మ అభిషేకం పెరగదన్నది కూడా ఎవరైనా వాళ్లకు చెప్పాలి. ఇక టైము. త్రోయ అనే ఊళ్లో అపొస్తలుడైన పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే ఐతుకు అనే కుర్రాడు నిద్రలో జోగి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు కిందికి దిగి వెళ్లి కౌగిలించుకుంటే బతికాడు. మనకు ఆ వరం ఉందో లేదో తెలియదు కాబట్టి వేళకు ముగించు.

నీ దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్ల సంగతులు ప్రసంగంలో ఉదాహరణలుగా వాడకు. పేరు చెప్పలేదు కదా అనుకుంటావు. "ఒక సహోదరి భర్తతో గొడవపడి..." అని నువ్వు మొదలుపెట్టగానే, ముందు వరుసల్లో ఉన్నవాళ్లంతా మెల్లగా తల తిప్పి ఆమె వైపే చూస్తారు. ఆమె బైబిల్లోకి తలవంచుకుంటుంది, పేజీ మాత్రం తిప్పదు. ఇక ఆమె నీ దగ్గరికే కాదు, ఏ కాపరి దగ్గరికీ నోరు విప్పదు. ఒకవేళ ఎవరైనా తనను కొడుతున్నారనో, పసిపిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందనో చెబితే మాత్రం అది దాచాల్సిన రహస్యం కాదు. వెంటనే వాళ్లను కాపాడే పని చూడు, చట్టం దృష్టికి తీసుకెళ్లు. సంఘం పరువు అని ఎవరు అడ్డుపడినా వినకు.

చావు ఇంటికి వెళ్లినప్పుడు మొదటి రోజే రోమా 8:28 ఎత్తకు. అది సత్యమే, కానీ శవం ఇంకా ఇంట్లో ఉండగా "మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అంటే ఆ తల్లి చెవికి అది వేరేలా వినిపిస్తుంది. యోబు స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద ఆయనతో కూర్చుని ఒక్క మాట కూడా పలకలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాకే అసలు గొడవ.

వ్యతిరేకత గురించి ఎక్కువ టెన్షన్ పడుతున్నావు. చార్లెస్ సిమియన్ 1782లో కేంబ్రిడ్జ్‌లోని హోలీ ట్రినిటీ చర్చికి కాపరిగా వెళ్లినప్పుడు సంఘస్థులకు ఆయన ఇష్టం లేదు, వాళ్లు వేరొకరిని కోరుకున్నారు. ఆ రోజుల్లో చర్చిలో కుటుంబాల బెంచీలకు తలుపులుండేవి, వాటికి తాళాలు వేసుకుని రావడం మానేశారు. నడవాలో కూర్చోవడానికి ఆయన సొంత ఖర్చుతో ఏర్పాట్లు చేస్తే, వాటినీ తీసి బయట పారేశారు. వచ్చినవాళ్లు నిలబడే విన్నారు. 1836లో చనిపోయేదాకా, 54 ఏళ్లు, ఆయన అక్కడే ఉన్నాడు. అలాగని ప్రతి కాపరీ అంతకాలం ఓర్చుకోవాలని కాదు, కొన్నిచోట్ల సెలవు తీసుకోవడమే మేలు. అయితే ఒక్క కుటుంబం అలిగితే సెలవు తీసుకునేంత కష్టం వచ్చిపడినట్టు కాదు.

కానుకలు నీ సొంత ఖాతాలో వేయించుకోకు, ఒక్కడివే లెక్కపెట్టకు. పౌలంత పెద్ద అపొస్తలుడే యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా విషయంలో నిందకు చోటివ్వకూడదని వేరే సహోదరుల్ని తోడు పెట్టుకున్నాడు.

నిద్ర పట్టడం లేదని ఉత్తరం చివర్లో ఒక ముక్క రాసి వదిలేశావు. మిగతా అన్నిటికంటే అదే నన్ను ఎక్కువ ఆపింది. చావాలని కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చెప్పలేదు. పడుకోనిచ్చాడు, లేపి తిండి పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. 1856లో లండన్‌లో పేరున్న బోధకుడు స్పర్జన్ ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో మంటలని అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పుడాయనకు 22 ఏళ్లు. ఆ దెబ్బకు కుంగిపోయాడు, ఆ దిగులు జీవితమంతా వస్తూపోతూనే ఉంది. దాన్ని దాచుకోకుండా తన విద్యార్థులకే చెప్పాడు. నువ్వు కూడా డాక్టరుకు చూపించుకో. వారానికి ఒకరోజు ఫోను చెల్లెమ్మ చేతికివ్వు.

ఈ మంగళవారం సాయంత్రం ఆ ఇంటికి వెళ్లు. చెల్లెమ్మను తీసుకెళ్లు, సంఘ పెద్దల్ని మాత్రం వద్దు, పంచాయితీలా ఉంటుంది. మొదట ఆయన్నే మాట్లాడనివ్వు, మధ్యలో వివరణ ఇవ్వకు. నువ్వు ఆయన్ని మనసులో పెట్టుకునే చెప్పి ఉంటే ఒప్పుకో. లేకపోతే లేదని ఒక్కసారి చెప్పి ఊరుకో. వేరే సంఘానికి వెళ్తామంటే ప్రార్థన చేసి, బదిలీకి ఉత్తరం రాసివ్వు. వెళ్లి వచ్చాక ఏమైందో నాకు ఫోన్ చెయ్యి, పదింటిదాకా మెలకువగానే ఉంటాను.

ప్రభువు సేవలో,
నీ పెద్దన్న