పోస్టాఫీసు ఎత్తేసే ముందు ఊరిని అడగాల్సిన పని లేదా?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక చిన్న గ్రామం. మా ఊరి బ్రాంచి పోస్టాఫీసును నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పక్క ఊరి పోస్టాఫీసులో కలిపేస్తారట. పోయిన నెల తపాలా శాఖ నుంచి ఒకాయన వచ్చి, ఆ టైముకు అక్కడున్న ఆరుగురి చేత ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకుని వెళ్ళారు. అదే ప్రజాభిప్రాయ సేకరణ అని ఇప్పుడు చెబుతున్నారు. సంతకం పెట్టినవాళ్ళలో మా అత్తమ్మ ఒకరు. పింఛన్ కాగితం అనుకుని పెట్టింది. గ్రామసభ లేదు, నోటీసు లేదు. ఆ సంతకాలతో పోస్టాఫీసు ఎత్తేయవచ్చా? మా పాప సుకన్య ఖాతా, నా ఆర్డీ ఏమవుతాయి?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి చెబుతాను, అసలు టెన్షన్ అక్కడే ఉంటుంది కాబట్టి. మీ ఖాతాల్లో రూపాయి కూడా ఎక్కడికీ పోదు. పోస్టాఫీసు పొదుపు కేంద్ర ప్రభుత్వ బాధ్యత. బ్రాంచి మూతపడితే ఖాతాలను మరో పోస్టాఫీసుకు తగిలిస్తారు. సుకన్య ఖాతానైతే మీకు నచ్చిన పోస్టాఫీసుకో, బ్యాంకుకో మార్చుకోవచ్చు కూడా. పాస్‌బుక్కులు ఒకసారి అప్‌డేట్ చేయించి పెట్టుకోండి, చాలు.

ఇక అసలు విషయం. మీకు నచ్చకపోయినా ఉన్నమాట చెప్పాలి. పోస్టాఫీసు మూసే ముందు ఊరి ప్రజలను సంప్రదించి తీరాలని మన చట్టంలో లేదు. 1898 నాటి పాత చట్టం స్థానంలో పోస్టాఫీసు చట్టం, 2023 వచ్చింది. అది 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. మూసివేతకు ముందు ప్రజల మాట వినే పద్ధతి అందులోనూ పెట్టలేదు. బ్రిటన్‌లో 2007, 2008 సంవత్సరాల్లో దాదాపు 2,500 పోస్టాఫీసులు మూసేటప్పుడు ఒక్కో ప్రాంతంలో ఆరు వారాల పాటు ప్రజల అభిప్రాయాలు తీసుకున్నారు. మనకు అలాంటి ఏర్పాటు లేకపోవడం పెద్ద లోటని నేను నమ్ముతాను. ఒక ఆర్థిక విధాన నిర్ణయం తీసుకునే ముందు తమను పిలిచి తమ మాట వినాలని అడిగే హక్కు దానివల్ల నష్టపోయేవాళ్ళకు లేదని సుప్రీంకోర్టు బాల్కో (ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ అమ్మకం) కేసులో 2001 డిసెంబరులోనే చెప్పింది. అదే కోర్టు 2016లో సెల్యులార్ ఆపరేటర్ల (మొబైల్ ఫోన్ కంపెనీల) కేసులో, నిబంధనలు చేసే ముందు ప్రజలను సంప్రదించేలా ఒక చట్టం తెస్తే బాగుంటుందని పార్లమెంటుకు సూచించింది. ఆ చట్టం ఇంకా రాలేదు.

అంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. మూసే ముందు మిమ్మల్ని అడిగి తీరాలనే హక్కు లేకపోయినా, ఎందుకు చేస్తున్నారో తెలుసుకునే హక్కు మీకు గట్టిగా ఉంది. సమాచార హక్కు చట్టం 4(1)(సి) ప్రకారం ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ బయటపెట్టాలి. 4(1)(డి) ప్రకారం ఆ నిర్ణయానికి కారణాలు బాధితులకు చెప్పాలి. ప్రజలను సంప్రదించే ఏర్పాటు ఏదైనా ఉంటే దాని వివరాలు శాఖ తనంతట తానే ప్రచురించాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. మీ కేసు నిలబడేది వీటి మీదే.

ఆరు సంతకాల కాగితానికి చట్టంలో ప్రత్యేకమైన విలువేమీ లేదు. కానీ ఫైల్లో "ప్రజలు ఒప్పుకున్నారు" అని అది కూర్చుంటే రేపు మీకు అడ్డం తిరుగుతుంది. కాబట్టి వెంటనే డివిజన్ సూపరింటెండెంట్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి తెలుగులోనే ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, పోస్టల్ ఆర్డరు తీస్తే సరిపోతుంది. సంతకాలు తీసుకున్న కాగితం నకలు, విలీనం ప్రతిపాదన, దాని మీద అధికారులు రాసిన నోట్‌షీట్లు, మీ బ్రాంచి మూడేళ్ళ ఆదాయ వ్యయాల లెక్క, ఈ నాలుగూ అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

ఆదాయ వ్యయాల లెక్క ఎందుకంటే, కొత్త బ్రాంచి తెరవడానికి శాఖ పెట్టుకున్న కొలబద్దలు ఉన్నాయి. మామూలు గ్రామీణ ప్రాంతంలో దగ్గరి పోస్టాఫీసు కనీసం 3 కిలోమీటర్ల దూరంలో ఉండాలి, ఆ గ్రామాల సమూహంలో 3,000 జనాభా ఉండాలి, ఖర్చులో కనీసం మూడో వంతు ఆదాయం వచ్చేలా ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాలకు సడలింపు ఉంది, అక్కడ 15 శాతం ఆదాయం చాలు. మీకూ పక్క ఊరికీ మధ్య నాలుగు కిలోమీటర్లు. ఇవాళ కొత్తగా పోస్టాఫీసు కావాలని అడిగినా దూరం పరీక్షలో మీ ఊరు పాసవుతుంది. మరి ఉన్నదాన్ని ఏ లెక్కన తీస్తున్నారు? అర్జీలో మొదటి పేరా ఇదే కావాలి.

ఆ మధ్య ఒక ఊరి వాళ్ళు ఇదే గోడుతో నా దగ్గరికి వచ్చారు. చేతిలో రెండు వందల సంతకాల అర్జీ ఉంది. అందులో ఒక్క అంకె లేదు. ఎంతమందికి ఖాతాలున్నాయో, ఎంతమంది ముసలివాళ్ళు పింఛన్ తీసుకుంటారో రాయలేదు. వాళ్ళను వెనక్కి పంపి, ఇంటింటికీ తిరిగి ఒక నోటుబుక్కులో రాసుకురమ్మన్నాను. వారం తర్వాత ఆ నోటుబుక్కు తెచ్చారు. పేరు, వయసు, ఏ ఖాతా, నెలకు ఎన్నిసార్లు పోస్టాఫీసుకు వెళ్తారు, నడవగలరా లేదా, అన్నీ గళ్ళు గీసి ఉన్నాయి. అధికారి ముందు పెట్టాల్సింది అలాంటి పుస్తకం. మీరూ అలాగే చేయండి. పక్క ఊరికి బస్సు ఎన్ని గంటలకు ఉంది, ఆటోకు రానూపోనూ ఎంతవుతుంది, వానాకాలంలో వాగు దాటాలా, ఇవి కూడా అందులో ఉండాలి.

గ్రామసభ పెట్టి తీర్మానం చేయించండి. అది కేంద్ర ప్రభుత్వ శాఖను కట్టిపడేయదు, కానీ ఆరు సంతకాలకు ఎదురుగా పెట్టడానికి ఊరంతటి మాట రికార్డులో ఉంటుంది. తీర్మానం, నోటుబుక్కు జిరాక్సు జతచేసి సూపరింటెండెంట్‌కు అర్జీ ఇవ్వండి, నకళ్ళు పోస్టుమాస్టర్ జనరల్‌కు, మీ ఎంపీకి పంపండి. చేతికిస్తే తేదీతో స్టాంపు వేయించుకోండి. పోస్టులో అయితే, 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్ అడిగి, రసీదు దాచుకోండి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన సీపీగ్రామ్స్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి, దానికి 21 రోజుల గడువు ఉంది.

ఇవన్నీ చేసినా పలుకూ ఉలుకూ లేకపోతే హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణ కింద రిట్ వేయవచ్చు. "పోస్టాఫీసు మూయొద్దు" అని కోర్టు నేరుగా చెప్పడం అరుదు. "వీళ్ళ అర్జీని పరిశీలించి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వండి" అని ఆదేశించే అవకాశమే ఎక్కువ. అదీ చిన్నదేమీ కాదు, ఆ ఉత్తర్వులో శాఖ తన లెక్కలు చూపించక తప్పదు. లాయరు ఫీజు గురించి వెనకాడొద్దు. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మీ పేరు మీదే దరఖాస్తు పెట్టండి. కానీ తాళం పడకముందే కదలాలి. పడ్డాక తీయించడం చాలా కష్టం.

అన్నిటికంటే ముందు, ఈ వారంలోనే, మీ అత్తమ్మ గారి చేత ఒక తెల్లకాగితం రాయించండి. ఏ రోజు, ఎక్కడ, ఏమని చెప్పి సంతకం తీసుకున్నారో, కాగితం చదివి వినిపించారో లేదో, ఆమె మాటల్లోనే ఉండాలి. మిగతా ఐదుగురి దగ్గరా విడివిడిగా తీసుకోండి. అందరికీ ఒకే కాగితం జిరాక్సు తీసి సంతకం పెట్టించొద్దు.