ఫోన్‌కు వంతపాట కూడా ఫ్యాను మోతే!

ప్రశ్న: తుపానులో ఇళ్లు కోల్పోయిన తీరప్రాంత పల్లెల్లో పెద్దవాళ్లు పాడే వల లాగుడు పాటల్ని ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నాం. కాసేపటికి వంతపాట వినపడకుండా పోతోంది. మంచి నాయిస్ రిమూవల్ యాప్ ఏదైనా చెప్పండి. ఫైళ్లన్నీ క్లౌడ్‌లో పెట్టి లింక్ అందరికీ ఇచ్చాం.

జవాబు: కొత్త యాప్ సంగతి తర్వాత, ముందు ఫోన్‌లో ఉన్నదాన్ని ఆపండి. ఈ ఫిర్యాదు నాకు తరచూ వస్తూనే ఉంది. నాయిస్ సప్రెషన్, అంటే చుట్టూ ఉన్న రొదను ఫోనే తీసేసే ఏర్పాటు, మాటల కోసం చేసింది; ఆగకుండా ఒకే తీరుగా వచ్చే శబ్దం ఏదైనా, వంతవాళ్లు పట్టి ఉంచే శ్రుతి అయినా సరే, దాని లెక్కలో ఫ్యాను మోతే. శబ్దం స్థాయిని ఫోనే పెంచి తగ్గించే ఆటో గెయిన్ ఇంకో తలనొప్పి. అందరూ గొంతు కలపగానే స్థాయి తగ్గించేస్తుంది, అసలు పాట ఎత్తుకున్న ముసలమ్మ గొంతు అడుగున పడిపోతుంది. వీటిని ఆపుకునే వీలు కూడా ఇవ్వకుండా ‘స్మార్ట్’ అంటూ అప్‌డేట్‌లో తోసేవాళ్లను ఏమనాలో నాకైతే తెలీదు. రెండూ ఆపనిచ్చే రికార్డర్ వాడండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV, శబ్దాన్ని కుదించకుండా దాచే) ఫైలు చాలు, సౌండ్ ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కనీసంగా చెప్పేదీ అదే. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ. బ్లూటూత్ మైక్ వద్దు. గాలికి మైక్ మీద బొచ్చు తొడుగు వేయండి.

ఇక ఆ లింక్. దాంట్లో పాటలతో పాటు ఏమేం ఉన్నాయి? ఇలాంటి ఫోల్డర్లలో మామూలుగా పాడినామె పేరు, ఊరు, ఫోన్ నంబరు, వేలిముద్ర వేసిన అనుమతి కాగితం, గుర్తింపు కార్డు ఫొటో, అన్నీ ఒకేచోట పడి ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో పెట్టి తీసిన వీడియో అయితే ఆ ఇల్లెక్కడో కూడా ఫైల్లోనే ఉండొచ్చు. సాయం డబ్బు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తున్న మనిషికి ఫోన్ చేసి ‘మీ ఖాతాలో వేస్తాం, ఓటీపీ చెప్పండి’ అనడానికి మోసగాడికి ఇంతకంటే ఏం కావాలి? పైగా గొంతును అనుకరించే టూల్స్‌కు కొద్ది సెకన్ల ఆడియో చాలు. మీరు ఎంత శుభ్రంగా రికార్డ్ చేస్తే వాడి పని అంత సులువు! వేరే ఊళ్లో ఉన్న కొడుక్కి అమ్మ గొంతుతోనే ఫోన్ వెళ్తే?

ఈరోజే లింక్ మూసేయండి. పాటలు ఒకచోట, కాగితాలు ఇంకోచోట, ఆ కాగితాల్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోకుండా, పెట్టండి. ‘రికార్డ్ చేసుకోండి’ అన్న మనిషి ‘నెట్‌లో పెట్టండి’ అన్నట్టు కాదు, విడిగా అడగాలి. పేరు వేయమంటే వేయండి, నంబరు మాత్రం వద్దు.

ఇంకోటి, పాడినవాళ్లకు కాపీ ఇవ్వమంటే కూడా లింకే పంపేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. టవర్ పడిపోయిన ఊళ్లో లింక్ ఏం చేసుకుంటారు? ఎంపీ3 చేసి మెమొరీ కార్డులో వేసివ్వండి, వాళ్ల ఫోన్‌లో మోగుతోందో లేదో చూసుకుని మరీ రండి.